మా క్యాంపర్ వెనక గది ఏసీ వెంట్ గారికి

మహారాజశ్రీ వెనక గది వెంట్ గారికి,

డాలస్ నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా చెమటలతో క్షేమం. అక్కడ, అంటే నా నెత్తికి జానెడు ఎత్తులో, తమరు కూడా దూదిపింజ పెట్టినా కదలనంత ప్రశాంతంగా ఉన్నారని తలుస్తాను. ఉభయకుశలోపరి. ఇంత మర్యాదగా మొదలుపెట్టానని మురిసిపోకండి, నాలుగు పేరాలు దాటాక నువ్వు అనేస్తాను.

తమరెవరో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మా దగ్గర ఓ సెకండ్ హ్యాండ్ క్యాంపర్ ఉంది, 30 అడుగుల పొడవు, పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే రకం. ముందు పెద్ద మంచమున్న గది, మధ్యలో వంటిల్లూ సోఫా, అన్నిటికన్నా వెనక, తోకలో, ఇంకో బుల్లి గది. పిల్లలకో చుట్టాలకో అని కట్టింది. ఆ గది కప్పుకి అతికించిన గుండ్రటి తెల్ల ప్లాస్టిక్ బిళ్ళే తమరు. తమరికి ఉన్న ఉద్యోగం ఒక్కటే, చల్లగాలి వదలడం. క్యాంపర్ అమ్మినాయన మాత్రం చాలా నిజాయితీపరుడు. ఏసీ అన్ని గదులకీ వస్తుందన్నాడు. వస్తుందన్నాడు గానీ ఎప్పటికి వస్తుందో చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడు వేసవులు ఎదురుచూశాం.

పైకప్పు మీద కూర్చున్న ఏసీ 15,000 బీటీయూల సరుకు. 12,000 బీటీయూలు ఒక టన్ను కాబట్టి మన లెక్కలో టన్నుంపావు. విజయవాడలో ఒక్క పడగ్గదికి టన్నున్నర బిగించుకునే జాతి మనది, అలాంటిది టన్నుంపావుతో ఇల్లంతా, అదీ గోడలు మహా అయితే రెండంగుళాల మందం ఉండే డబ్బా ఇల్లు, టెక్సస్ జూలైలో చల్లబరుద్దామని బయల్దేరాను. ఏసీ కింద కప్పులో 14 అంగుళాల చదరపు కన్నం ఉంటుంది. అందులోంచి దిగిన గాలి కప్పు లోపలి డక్టులో పడి ముందు గదికి, వంటింటికి, చివరాఖరికి తమరి దాకా రావాలి. పైన ఎండకి కాగే రబ్బరు కప్పు, కింద పలచటి సీలింగు, మధ్యలో ఇరుకు సందు. అదే తమరి రాచబాట.

ఇక అసలు సంగతి. మాది దివిసీమ, కోడూరు దగ్గర ఓ పల్లె. అక్కడి ఎండలు తప్పించుకుందామని మే నెలలో వచ్చిన అమ్మానాన్నల్ని, జూలైలో లేక్ టెక్సోమా ఒడ్డుకి క్యాంపింగుకి తీసుకెళ్ళిన తెలివైన కొడుకుని నేను. ఆ రోజు 101 డిగ్రీల ఫారెన్‌హీటు, అంటే 38 పైమాటే. మొదటి రాత్రి పెద్దవాళ్ళు కదా అని ముందు గది వాళ్ళకిచ్చాం. అక్కడి వెంటు ఏసీకి దగ్గర, తుపాను గాలిలా కొడుతుంది. అమ్మకి ఏసీ పడదు. రాత్రంతా మంకీ క్యాపు పెట్టుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని, పొద్దున్నే "మోకాళ్ళు బిగుసుకుపోయాయిరా" అంది. దానికి మా ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా, "అయితే ఈ రాత్రికి వెనక గదిలో పడుకోండి అత్తయ్యగారూ, అక్కడ ఏసీ రానే రాదు" అంది. చూశారా, తమరి పనితనం మీద ఇంట్లోవాళ్ళకి ఎంత నమ్మకమో.

రాత్రి రెండింటికి మంచినీళ్ళకని లేచి చూస్తే, నాన్న బయట మడత కుర్చీలో లుంగీ మోకాళ్ళ పైకి ఎగగట్టుకుని, పేపరు ప్లేటుతో విసురుకుంటూ కూర్చున్నాడు. పక్కన పేపరు ప్లేట్ల కట్ట మొత్తం ఉంది, అప్పటికే రెండు వంగిపోయి కింద పడున్నాయి. "నిద్ర పట్టలేదా నాన్నా?" అన్నాను. "పట్టింది రా. ఉడికాక మెలకువొచ్చింది" అన్నాడు.

అక్కడితో నీకు నా మర్యాద అయిపోయింది.

నీకోసం నేనేం చేయలేదని అనకు. మొదటి వేసవిలో 12 వోల్టుల బుల్లి బూస్టర్ ఫ్యాను కొనుక్కొచ్చి నీ నోట్లోనే బిగించాను. చెవిలో దోమ దూరినట్టు రొద. అది లాగడం లాగింది గానీ, లాగడానికి అక్కడ చల్లగాలి ఉంటేగా, కప్పు సందుల్లో మగ్గుతున్న వేడిగాలి లాగి పిల్లల మొహాన కొట్టింది. రెండో వేసవిలో అసలు రెండో ఏసీయే పెట్టించేద్దామనుకున్నా. మాది 30 ఆంపుల కనెక్షను. 30ని 120 వోల్టులతో హెచ్చవేస్తే 3,600 వాట్లు, అంతే మా ఆస్తి. ఉన్న ఏసీ ఒక్కటే అందులో దాదాపు సగం మింగుతుంది. అది తిరుగుతుండగా మైక్రోవేవూ రైస్ కుక్కరూ కలిపి పెడితే బ్రేకరు టప్పున పడిపోతుంది, అన్నం పలుకుగా ఉండిపోతుంది. రెండో ఏసీ కావాలంటే 50 ఆంపులకి వైరింగు మార్పించాలట. వాళ్ళు చెప్పిన రేటు విన్నాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, పిల్లలకి క్లిప్పు ఫ్యాను కొనిచ్చి, "క్యాంపింగంటే ఇలాగే ఉంటుంది" అని ఓ అబద్ధం చెప్పేశాను.

తెల్లారాక నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని నీ కిందే కూర్చుని చాలాసేపు నిన్నే చూశాడు. ఆయన ఏసీ మెకానిక్కు కాదు, జీవితమంతా కాలువ నీళ్ళ కోసం దేబిరించిన రైతు. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన కృష్ణ నీళ్ళు మా కోడూరు, నాగాయలంక వైపు చివరి పొలాలకి చేరాలంటే దారిలో ఎంతమంది దయ తలచాలో ఆయనకి తెలుసు. పైన నాట్లయి పైరు పచ్చబడ్డాక కూడా మా నారుమళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉన్న ఏళ్ళున్నాయి, టార్చి లైటు పట్టుకుని రాత్రుళ్ళు గట్టు మీద తిరిగిన మనిషి. కాఫీ అయిపోయాక గ్లాసు పక్కన పెట్టి, "ఇది శివారు గది రా" అన్నాడు. "శివారుకి నీళ్ళు రాకపోతే శివారు తూముని తిట్టుకుని ఏం లాభం? పైన గండి ఎక్కడ పడిందో చూడు ముందు."

గండి వెతకడానికి అమ్మ పూజ సంచిలోంచి అగరబత్తి వచ్చింది. ముందు నీ దగ్గరే పట్టాం. పొగ తిన్నగా పైకి లేచి, నీ మొహానికి తగిలి, బద్ధకంగా పక్కకి ఒరిగింది, అంతే. గాలి వదలాల్సినదానివి, పొగని కూడా తోయలేకపోయావు. తర్వాత మధ్య గదిలో, గాలి తిరిగి ఏసీలోకి వెళ్ళే జాలీ తీసి, ఫిల్టరు పక్కన పెట్టి (ఫిల్టరు కాదది, మూడేళ్ళ కుక్కబొచ్చు దుప్పటి), లోపల పట్టాం. పొగ సర్రున పైకి పోతోంది, బాగానే ఉంది. ఒక్క మూలలో మాత్రం పైకి పోకుండా ఎవరో ఉఫ్ఫని ఊదినట్టు చెదిరిపోయింది. వేలు పెట్టి చూస్తే ఫ్రిజ్ తలుపు తీసినంత చల్లగా ఉంది. నీకు రావలసిన గాలి నీ దాకా ప్రయాణమే పెట్టుకోకుండా, అడ్డుగోడ సందులోంచి దూరి మళ్ళీ ఏసీలోకే వెళ్ళిపోతోంది. చల్లగాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తూ ఏసీ గారు మూడేళ్ళు కష్టపడి పనిచేస్తున్నట్టు కనిపించారు. ఇలాంటివాళ్ళు మా ఆఫీసులోనూ ఉన్నారు.

బ్రేకరు ఆపి, మరలు విప్పి, మూత దించాం. లోపల టార్చి వేసి చూస్తే కడుపు తరుక్కుపోయింది. చల్లగాలికీ తిరుగు గాలికీ మధ్య ఉండాల్సిన అడ్డుగోడ ఒక నురుగు ముక్క, దాని అంచు టేపు ఊడి వేలాడుతోంది, రెండు వేళ్ళు దూరేంత సందు. డక్టు మొదలయ్యే చోట కన్నం ఎవరో పెళ్ళికి టైమవుతున్నట్టు హడావిడిగా వంకరగా కోసేశారు, ఆ అంచులకి టేపే లేదు, అక్కడ కారిన గాలి కప్పు బోలులోకి పోతోంది. నీ వైపు దారిలో రంపపు పొట్టు, నురుగు ముక్కలు, వంగిన మర ఒకటి. నేను డక్ట్ టేపు తీయబోతే మా ఆవిడ ఆపింది. పేరులో డక్టు ఉంటుందే గానీ ఆ బూడిదరంగు గుడ్డ టేపు డక్టులకి పనికిరాదు, వేడికి జిగురు కారి ఊడొస్తుంది. అందుకని దగ్గర్లో ఉన్న ఊరికెళ్ళి వెండిరేకులా మెరిసే అల్యూమినియం టేపు తెచ్చాం. నేను గబగబా అతికించేస్తుంటే నాన్న ఒప్పుకోలేదు. చెంచా వీపుతో అంగుళం అంగుళం రుద్దించాడు. "గండి పూడ్చడమంటే మట్టి పోయడం కాదురా, తొక్కడం." చెంచా వెనక టేపు మీద ముడతలు పోయి, కింద చెక్క గరుకంతా పైకి కనబడేదాకా వదల్లేదు.

కేకులకని కొన్న వంటింటి థర్మామీటరు నీ నోట్లో పెట్టాను. పొద్దున 76 డిగ్రీల ఫారెన్‌హీటు ఉన్నది 68కి దిగింది. ముందు గది వెంటు దగ్గర 62, ఏసీలోకి తిరిగి వెళ్ళే గాలి 82. లోపలికెళ్ళిన గాలికీ బయటికొచ్చిన గాలికీ 20 డిగ్రీల తేడా ఉందంటే ఏసీలో లోపమేం లేదన్నమాట, మూడేళ్ళు దాన్ని అనవసరంగా ఆడిపోసుకున్నాను.

ఇక్కడ నాకు ఆశ పుట్టింది. ముందున్న వెంట్లన్నీ పూర్తిగా మూసేస్తే గాలంతా నీకే వస్తుందిగా అని అన్నీ బిగించేశాను. ఓ గంట రాజభోగం. తర్వాత ఏసీ హోరు ఉంది, గాలి లేదు. గాలి కదలిక తగ్గిపోతే లోపలి కాయిల్ మరీ చల్లబడి, దాని మీద తేమ మంచుగడ్డ కడుతుంది, ఆ గడ్డ మిగతా గాలిని కూడా ఆపేస్తుంది. ఈ ముక్క నాకు ఆపేశాక తెలిసింది, గడ్డ కరిగి సోఫా మీద కారుతున్నప్పుడు. నాన్న తుండు పిండుతూ, "పై రైతులకి మొత్తం కట్టేస్తే ఊరుకుంటారా, రాత్రికొచ్చి గట్టు తెగ్గొడతారు" అన్నాడు. ముందున్న రెండు వెంట్లూ సగం సగం మూశాం. ఏసీ కిందనే గాలిని గుమ్మరించే పెద్ద వెంటు ఒకటుంది, అది మాత్రం పూర్తిగా మూసేశాం.

అయినా రాత్రి తలుపేసుకునేసరికి నువ్వు మళ్ళీ మూగబోయావు. టిష్యూ పేపరు చీల్చి నీ కింద వేలాడదీస్తే, తలుపు తెరిస్తే అల్లాడుతుంది, వేస్తే చచ్చుబడిపోతుంది. ఈ చిక్కుముడి కూడా నాన్నే విప్పాడు, మురుగు కాలువ లేదన్నాడు. చేలో నీళ్ళు నిండా నిలబడి ఉంటే కొత్త నీళ్ళు ఎక్కడికొస్తాయి? గాలి తిరిగి వెళ్ళే జాలీ ఉన్నది మధ్య గదిలో, వెనక గది తలుపు నేలకి ఒరుసుకుంటోంది, ఇక లోపలికొచ్చిన గాలి పోయేదెటు? ఇంటికొచ్చాక తలుపు అడుగున అంగుళం కోసి, పైన చెక్క జాలీ బిగించాను. ఇప్పుడు గాలి వచ్చినంతా వచ్చి, పోయినంతా పోతోంది. దాంతోపాటు నాన్న గురక కూడా హాల్లోకి పోతోంది, అది వేరే సంగతి.

మిగతావి చిల్లర పనులు. ఫిల్టరు కడిగాం, పడమటి కిటికీకి వెండిరంగు బుడగల షీటు అంటించాం, కప్పు మీద గాలి కోసం పెట్టిన ప్లాస్టిక్ మూతలోంచి ఎండ దిగకుండా దిండు కుక్కాం.

ఆగస్టులో మళ్ళీ అదే ఒడ్డుకి వెళ్ళాం. నీ నోట్లో 66. అర్ధరాత్రి గదిలో 75. పేపరు ప్లేట్ల కట్ట విప్పలేదు.

కాబట్టి ఇన్నాళ్ళూ తప్పు నీది కాదు, ఒప్పుకుంటున్నాను. క్షమాపణ మాత్రం చెప్పను. ఆ మూడేళ్ళూ రాత్రి పూట సన్నగా ఈల వేస్తూ, ఏదో పని జరుగుతోందన్నట్టు మమ్మల్ని నమ్మించింది నువ్వే కదా. గాలి రావట్లేదని ఒక్కసారి పూర్తిగా ఊరుకుని ఉంటే మొదటి వేసవిలోనే మూత విప్పేవాణ్ణి.

ఇట్లు,
నీ కింద పై బెర్తులో తల కొట్టుకునే
ఇంటి యజమాని

తా.క. నిన్న రాత్రి గదిలో గాలి మళ్ళీ ఆగిపోయింది. టెన్షన్ పడి, అర్ధరాత్రి స్క్రూ డ్రైవరూ అగరబత్తీ పట్టుకుని నీ దగ్గరికి వచ్చాను. నీ నోటి నిండా పాత చీర ముక్క కుక్కి ఉంది. కింద అమ్మ మంకీ క్యాపు పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది.