గోడే పిల్లి అయితే

గోడమీద పిల్లిని మన పెద్దలు చాలానే చూశారు. గోడా, పిల్లీ ఒకటే అయిన అద్భుతాన్ని చూసే యోగం మాత్రం వాళ్లకు లేకపోయింది. సోషల్ మీడియా కంపెనీలు కోర్టు మెట్లెక్కినప్పుడల్లా మనకు ఆ దర్శనం ఉచితం.

ఎవరో ఎవరి మీదో బురద చల్లారని దావా పడిందనుకోండి. కంపెనీ లాయరు చేతులు కట్టుకుని, "అయ్యా, మేం ఉత్త గోడ. రాసినవాణ్ని పట్టుకోండి, గోడనేం చేస్తారు?" అంటాడు. న్యాయమే. మర్నాడు పక్క హాల్లో ప్రభుత్వం "ఫలానా పోస్టు ఎందుకు తీసేశారు?" అని నిలదీస్తుంది. అదే లాయరు, అదే నల్లకోటు. "ఏది ఉంచాలో, ఏది పీకాలో, ఏది ముందు చూపాలో మా ఇష్టం. అది మా భావప్రకటన!" అంటాడు. రాత్రికి రాత్రి గోడకి నోరొచ్చేసింది. (చెవులు మొదట్నుంచీ ఉన్నాయి. మనకొచ్చే ప్రకటనలు చూస్తే తెలియడంలా?)

తప్పంతా కంపెనీలదే అంటే పాపం. 1991లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సేవల కంపెనీని పరువునష్టం దావాలో వదిలేసింది, లోపల ఎవరేం రాస్తున్నారో అది చూడనే లేదు కాబట్టి. 1995లో అదే న్యూయార్క్‌లో రాష్ట్ర కోర్టు అలాంటిదే అయిన ప్రాడిజీని పట్టుకుంది, అది బూతులు తుడుస్తోంది కాబట్టి. అంటే చీపురు పట్టినవాడు దోషి, చెత్తలో కాళ్లు బారజాపుకున్నవాడు నిర్దోషి. ఈ తలకిందుల న్యాయాన్ని సరిచేయడానికి 1996లో అమెరికా చట్టంలో సెక్షన్ 230 వచ్చింది, పరాయివాళ్లు రాసినదానికి కంపెనీని బాధ్యుణ్ని చేయకూడదని. అందులో అసలు వాక్యం ఇంగ్లిషులో 26 మాటలు. వాటి మీద ఎంతమంది లాయర్లు మేడలు కట్టుకున్నారో!

2023 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టులో గూగుల్ మీద ఇదే 230 కేసు వింటూ, తాము తొమ్మిదిమందీ ఇంటర్నెట్‌లో మహా నిపుణులేం కాదని జస్టిస్ ఎలీనా కేగన్ ఒప్పేసుకున్నారు. హాలంతా నవ్వులు. చివరికి 230 జోలికి పోకుండానే ఆ కేసు ముగించారు.

2024 జులైలో, పోస్టులు పీకేయకుండా కంపెనీల చేతులు కట్టేయబోయిన టెక్సస్, ఫ్లోరిడా చట్టాల వంతు. కేసుల్ని కింది కోర్టులకు తిప్పి పంపుతూనే, ఫీడ్‌ను ఏరి కూర్చడం కూడా భావప్రకటనే అని ఆ కేగన్ గారే రాశారు. కంపెనీలకు పండగ. రెండు నెలలు తిరక్కుండా ఫిలడెల్ఫియాలోని అప్పీళ్ల కోర్టు ఆ మాటనే పట్టుకుంది. టిక్‌టాక్ చూపించిన ఓ ప్రమాదకరమైన ఛాలెంజ్‌ను అనుకరించబోయి పదేళ్ల పాప చనిపోయింది. తల్లి కోర్టుకెక్కింది. 230 కాపాడేది పరాయివాళ్ల మాటల నుంచి, ఆల్గారిథం ఎంపిక మీ సొంత మాటే కదా అంది కోర్టు. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు.

ఇక మన దేశం. చిరాకు తెప్పించే మెసేజ్ పెట్టినా మూడేళ్ల దాకా జైలనే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా పోలీసులు దాని కిందే కేసులు రాస్తున్నారని 2021లో తెలిసి అదే కోర్టు నివ్వెరపోయింది. చచ్చాక కూడా డ్యూటీ మానని సెక్షన్ అది! ప్రభుత్వం పోస్టులు తీయించే నోటీసులకు ఇప్పుడో పోర్టల్ ఉంది. బలవంతం అంటే బాగుండదని 'సహయోగ్' అన్నారు. దాని మీద ఎక్స్ (పాత ట్విటర్) కంపెనీ వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు కొట్టేస్తూ, భావప్రకటన స్వేచ్ఛనిచ్చే 19వ అధికరణం పౌరులకేనంది. విదేశీ కంపెనీ ఆ హక్కు అడగడానికి లేదట.

మరి నేను పౌరుణ్నే కదా. కిందటి నెల "ఈ దోమల్ని ఒక్కటి మిగలకుండా చంపేయాలి" అని ఓ చోట రాశాను. హింసను రెచ్చగొడుతున్నానని పీకేశారు. అంతకుముందు రోజే ఒకాయన నా మూడు తరాల్నీ కలిపి తిట్టాడు. ఫిర్యాదు చేస్తే, నిబంధనలకు విరుద్ధంగా ఏమీ లేదన్నారు.

దోమల విషయంలో అప్పీలు బటన్ నొక్కి, మంచినీళ్ల గ్లాసు ఎత్తాను. దించేలోగా తీర్పొచ్చింది, కొట్టివేత. న్యాయమూర్తి గోడో పిల్లో మాత్రం అందులో రాయలేదు.