సహజ టూత్‌పేస్టు గారికి, ఒక పుచ్చిన పాలపన్ను తరఫున

సహజ టూత్‌పేస్టు గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే మా ఐదేళ్ళవాడి కింది దవడ వాచి ఉంది. మీరైనా కుశలమేనని తలుస్తాను.

వాడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాక, మీ ట్యూబు మీది రాతలు మొదటిసారి పూర్తిగా చదివాను. ఫ్లోరైడ్ లేదు, పారాబెన్లు లేవు, కృత్రిమ రంగులు లేవు. తాగడు, పేకాడడు, సిగరెట్టు ముట్టడు అంటూ పెళ్ళికొడుకును పొగిడే మధ్యవర్తి గుర్తొచ్చాడు. అంతా బాగానే ఉంది, ఇంతకీ అబ్బాయి ఏం చేస్తుంటాడండీ? తోమే పనేమో బ్రష్షు చేస్తోంది. మీ వంతుకు స్ట్రాబెర్రీ వాసన మిగిలింది.

మీరు వెలేసిన ఫ్లోరైడ్‌కు మాత్రం ఉద్యోగం ఉంది. తీపి తిన్నప్పుడల్లా నోట్లోని బాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది, పంటి గట్టి పైపొర ఎనామిల్ లోంచి కాల్షియం కరిగిపోతుంది. ఉమ్ము దాన్ని మళ్ళీ పూడుస్తుంది. ఆ పూడికలో ఫ్లోరైడ్ చేరితే పన్ను ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లోరైడ్ టూత్‌పేస్టును అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇక సహజమంటారా, ఫ్లోరైడ్ రాళ్ళలో, బావినీళ్ళలో ఉండే ఖనిజమే. మీ ప్లాస్టిక్ మూత ఏ చెట్టుకు కాసిందో మీరే చెప్పాలి.

మీ భయం ఉత్తదేం కాదు, ఒప్పుకుంటాను. పళ్ళు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువగా కడుపులోకి పోతే వాటి మీద మచ్చలు పడతాయి. తాగేనీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఆ సంస్థే చెప్పింది. నీళ్ళలోనే అది ఎక్కువున్న చోట డాక్టర్ని అడిగి తేల్చుకోవాల్సిందే. మిగతావాళ్ళకు కొలత చాలు: మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళదాకా బఠాణీ గింజంత. (ఎనామిల్‌లో ఉండే ఖనిజం హైడ్రాక్సీఅపటైట్‌ను కలుపుకున్న మీ దాయాదుల సంగతి వేరు, వాళ్ళేదో పనికి ప్రయత్నిస్తున్నారు.)

'మింగినా ఫర్వాలేదు' అన్నారు చూడండి, అది మావాడు ఆజ్ఞగా తీసుకున్నాడు. ఓ పొద్దున బాత్రూం తలుపు వెనక గొంతుక్కూచుని, ట్యూబును అడుగునుంచి చుట్టుకుంటూ వచ్చి, వేలికంటిన గులాబీరంగు కూడా నాకేశాడు. సహజమే కదా అని నేను నవ్వి ఫొటో తీశాను. ఆ ఫొటోలో వెనక పన్ను మీద నల్లచుక్క కనిపిస్తోందని ఇప్పుడు చూసుకున్నాను.

పాలపళ్ళేగా, ఊడిపోయేవేగా అని డాక్టరు దగ్గర గొణిగాను. వెనక దంతాలు పదీ పన్నెండేళ్ళదాకా ఉండాలమ్మా అన్నారావిడ, డ్రిల్లు చేతిలోకి తీసుకుంటూ.

మిమ్మల్ని పారేయలేదు లెండి. మావాడు తన రబ్బరు డైనోసార్‌కు రెండుపూటలా మీతోనే పళ్ళు తోముతున్నాడు. దానికింతవరకు ఒక్క పన్నూ పుచ్చలేదు.

ఇట్లు,
మీ ట్యూబు ముందువైపు మాత్రమే చదివిన తల్లి