మేలు ఎంతదూరమో, బాధ్యత అంతదూరం

కోస్టారికాలో ఒక పెద్ద కాఫీ తోట పక్కన రెండు అడవి ముక్కలున్నాయి. అడవి నుంచి దాదాపు కిలోమీటరు దూరంలోపు ఉన్న కాఫీ మొక్కల దిగుబడి 20 శాతం ఎక్కువని, గింజ కూడా మెరుగ్గా ఉంటోందని 2004లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ఆ అడవిలోని తేనెటీగలే దీనికి కారణం. ఆ ఒక్క తోటకే ఏటా సుమారు 60 వేల డాలర్ల లాభమని లెక్కగట్టారు. ఆ తర్వాత కొద్దికాలానికే కాఫీ ధర పడిపోవడంతో మొక్కలు పీకేసి అనాస వేశారు. అనాస కాయడానికి తేనెటీగలతో పనిలేదు. దాంతో ఆ 60 వేల డాలర్లు కాస్తా సున్నా అయ్యాయి.

కిలోమీటరు దాటని ఒక సేవకు ప్రపంచ మార్కెట్ ఇలా విలువ లేకుండా చేసింది. కానీ అడవి చేసే మేలు తోట కంచెతో ఆగదు. అది వాగుల్లో నీటిని నిలుపుతుంది, చుట్టుపక్కల వేడి తగ్గిస్తుంది, భూగోళమంతటి కోసం కార్బన్‌ను పట్టి ఉంచుతుంది. ఒక్కో మేలు ఒక్కో దూరం వెళ్తుంది. ఆ తేడాను పట్టించుకోని పరిరక్షణ ఎంత ఖర్చు పెట్టినా నిలవదన్నది మా అభిప్రాయం.

ఒకచోట అడవి కొట్టేసి, ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల మొక్కలు నాటి, లెక్క సరిపోయిందని ఫైలు మూసేసే పద్ధతినే చూడండి. టన్ను కార్బన్‌ను ఏ దేశంలో పీల్చుకున్నా వాతావరణానికి ఒకటే కాబట్టి, ఆ మొక్కలు పెరిగి పెద్దవైతే కార్బన్ లెక్క ఎప్పటికైనా సరిపోవచ్చు. కొట్టేసిన చోట పొలాలకు తేనెటీగలను ఎవరు తెచ్చిస్తారు? ఎండిపోయిన వాగు సంగతేమిటి? అక్కడివాళ్లకు అది పూడ్చలేని నష్టం.

దూరం పెరిగేకొద్దీ చిక్కూ పెరుగుతుంది. మిసిసిపీ నది అమెరికా ప్రధాన భూభాగంలో దాదాపు 41 శాతం నేల నుంచి నీటిని మోసుకొస్తుంది. మొక్కజొన్న, సోయా పొలాల్లో మిగిలిపోయిన నత్రజని ఆ నీటితో పాటే మెక్సికో సింధుశాఖకు చేరుతుంది. నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్లి, అడుగునీటిలో ఆక్సిజన్‌ను హరిస్తుంది. 2017 వేసవిలో అలా ఊపిరాడని ప్రాంతం 22 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. ఎగువ రైతును తిట్టి లాభం లేదు. నత్రజని నీటిలో కలవకుండా కాలువ గట్టున గడ్డి పెరగనిస్తే తగ్గేది అతని సాగుభూమి. బాగుపడేది వెయ్యి కిలోమీటర్లకు పైగా దిగువన రొయ్యలు పట్టుకునేవాళ్లు. వాళ్ల లాభంలోంచి అతనికి ఒక్క డాలర్ కూడా తిరిగి రాదు.

ఈ ముడి విప్పడం సాధ్యమేనని న్యూయార్క్ చూపించింది. 1990లో ఆ నగరం తన తాగునీటి పరీవాహక ప్రాంతంపై కఠిన నిబంధనలు పెట్టబోతే ఎగువ పల్లెలు ఎదురుతిరిగాయి. ఏళ్ల తరబడి చర్చలు సాగాక 1997లో ఒప్పందం కుదిరింది. వాగుల్లోకి పశువులు దిగకుండా కంచెలు, పేడ నిల్వకు ఏర్పాట్లు, పాత సెప్టిక్ ట్యాంకుల మరమ్మతులు... వీటికి నగరమే డబ్బు పెట్టింది. వందల కోట్ల డాలర్లు పోసి వడపోత కేంద్రం కట్టడం కంటే అదే చౌక. తాగేవాళ్లు, కాపాడేవాళ్లు ఒకే ఒప్పందంలోకి వచ్చారు కాబట్టే అది నిలిచింది.

అలాగని అన్నిటినీ పైనుంచే నడపాలనడం కూడా తప్పే. ఉమ్మడి అడవినీ నీటినీ స్థానికులే చక్కగా చూసుకోగలరని ఏళ్ల పరిశోధనతో నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది. పెద్ద వనరులకు మాత్రం ఒకదానిపై ఒకటిగా పలు అంచెల్లో సంస్థలు ఉండాలనీ ఆమె చెప్పారు. పై అంచెలో కూర్చున్నవారికి చిన్నవి కనిపించవు. ఒక్కో గడి చదరపు కిలోమీటరు ఉండే మ్యాప్‌లో చిన్న కుంటలు, గట్ల మీది పొదలు మాయమవుతాయి. వాటికి బడ్జెట్ అడిగే నాథుడే ఉండడు.

అందుకే ఏ ప్రాజెక్టు అనుమతి పత్రంలోనైనా, అక్కడి ప్రకృతి చేస్తున్న ఒక్కో మేలు ఎంతదూరం వెళ్తోందో విడివిడిగా రాయాలని కోరుతున్నాం. విచారణను ప్రాజెక్టు ఉన్న జిల్లాకే పరిమితం చేయకుండా, ఆ మేలు అందుకుంటున్న చివరి ఊరి దాకా నోటీసు వెళ్లాలి.