మహారాజశ్రీ మిస్సింగ్ గారికి, నెల్లూరు నుంచి

మహారాజశ్రీ మిస్సింగ్ గారికి, నెల్లూరు వేదాయపాళెం నుంచి ఒక పాత బుల్లెట్టు ఓనరు రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమ సమాచారాలు తెలపకపోయినా పర్వాలేదు గానీ, ప్రస్తుతం ఏ ప్లగ్గులో కాపురం ఉన్నారో, ఏ వైరు సందులో దాక్కున్నారో ఒక్క ముక్క రాసి పడేస్తే మీ మేలు మరిచిపోను.

ఇంగ్లీషు పుస్తకాల్లో మీ పేరు మిస్‌ఫైర్ అంట, ఇంజను లోపల ఒక మంట అంటుకోక తడబడడం. మా ఆటోనగర్‌లో ఎవరూ అట్టా అనరు. "అన్నా, బండి మిస్సింగ్ కొడతా ఉంది" అంటారు, అంతే. ఆ పేరు పెట్టినోడు ఎవడో గానీ వాడికి దండం పెట్టాలి. మెకానిక్ స్టూలు లాక్కుని కూర్చున్న మరుక్షణం మీరు నిజంగానే మిస్సింగ్.

మన పరిచయం పెన్న బ్రిడ్జి మీద మొదలైంది, గుర్తుందా? ఇంటి ముందర ఏనాడూ రారు. కోవూరు వైపు బ్రిడ్జి ఎక్కి, వెనకాల ఆర్టీసీ బస్సు హారన్ కొడతా మీద మీదకి వస్తున్నప్పుడు, సరిగ్గా అప్పుడు టక్‌మని ఒక్క దెబ్బ. బండి గుటక మింగినట్టు ఒక క్షణం ఆగి మళ్లీ లాగుతుంది. నేను అక్కడి నుంచే వెనక్కి తిప్పి నేరుగా షెడ్డుకి తోలుకొస్తే, మెకానిక్ ముందర ముప్పావుగంట సేపు ఎంత బుద్ధిగా కొట్టుకుంటుందంటే, అత్తగారింటికి కొత్తగా వచ్చిన అల్లుడు కూడా అంత మర్యాదగా ఉండడు. ఆయన నా మొహం చూస్తాడు. నేను టీ డబ్బులు ఇచ్చి బయటపడతాను. బ్రిడ్జి ఎక్కగానే మళ్లీ మీరే.

ఇక గారూ, మీరూ చాలు. ముప్పై ఏళ్ల పరిచయం, నువ్వు అనే అంటాను.

ఈ ఉత్తరం బుల్లెట్టు కోసం కాదు. దాని మీద నువ్వు ఎన్ని వేషాలు వేసినా చింతచెట్టు నీడన స్టాండు వేసి, ప్లగ్గు ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచి బిగించి పోతాను. కానీ నువ్వు ఏకంగా మా అక్క కొడుకు విమానం ఎక్కావు. అక్కడే నాకు కాలింది.

వాడు కావలి పిల్లోడు. టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటా, కారు పెట్టుకునే గదిలో ఏడేళ్లు రివెట్లు కొట్టి రెండు సీట్ల విమానం చేశాడు. మన దగ్గర దగదర్తిలో ఎయిర్‌పోర్టు వస్తుంది వస్తుంది అని వినీ వినీ చెవులు అరిగిపోయాయి గానీ, అక్కడ మనిషి ఇంట్లోనే విమానం చేసుకోవచ్చంట. నేర్చుకోవడానికో సరదాకో సగం పైన పని తన చేతులతోనే చేశానని చూపించాలి, 51 శాతం రూలు అంటారు. అక్కడి విమాన శాఖ వాళ్లు తనిఖీ చేసి కాగితం ఇస్తారు. లోపలికి ఎక్కే దగ్గర ఎక్స్‌పెరిమెంటల్ అని పెద్దక్షరాలతో రాసుకోవాలి. ఆ ఫోటో చూసి మా అక్క అడిగింది: "అంతా బాగుంటే ఆ మాట ఎందుకు రాయించారురా?" వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

మొదటి 40 గంటలు వాళ్లు గీసిచ్చిన హద్దుల్లోనే, పక్క సీట్లో చుట్టాన్నీ పక్కాన్నీ ఎక్కించుకోకుండా తిప్పి చూసుకోవాలి. పదమూడో గంటలో నువ్వు తగులుకున్నావు. రన్‌వే వదిలి పైకి ఎక్కుతా ఉంటే ఒక్క తుమ్ము. అంతే. "మామా, మూడు నాలుగు సెకన్లే, కానీ నా కాళ్లు చల్లబడిపోయాయి" అన్నాడు. ఎక్కడికీ పోకుండా ఆ ఎయిర్‌ఫీల్డు మీదే చుట్టు తిరిగి దిగిపోయాడు. మంచిపని చేశాడు. ఆకాశంలో చింతచెట్టు ఉండదు గదా. కొరిశపాడు దగ్గర హైవే మీద ఎయిర్‌ఫోర్స్ వాళ్లు 2022 డిసెంబరులో ట్రయల్ వేశారు, అవసరమైతే విమానాలు రోడ్డు మీదే దిగడానికి. అట్టాంటి ఏర్పాట్లు యుద్ధవిమానాలకి ఉంటాయి గానీ, శనివారం పూట సరదాగా ఎగిరే మా వాడికి ఎవరు చేస్తారు?

ఇక నీ తెలివితేటలు చెప్పుకోవాలి. నా బుల్లెట్టుకి ఒక ప్లగ్గు, కరెంటు కలిపి విడదీసే సీబీ పాయింటు ఒకటి, దానికి తోడు ఒక కండెన్సరు. వాడి ఇంజనుకి నాలుగు సిలిండర్లయితే ప్లగ్గులు ఎనిమిది, వాటికి నిప్పురవ్వ పంపే మాగ్నెటోలు రెండు. బ్యాటరీ చచ్చినా మాగ్నెటో తన కరెంటు తానే పుట్టించుకుంటుంది, ఒకటి పడుకుంటే రెండోది లాగుతుంది. ఎగిరేముందు కింద 1,700, 1,800 ఆర్‌పీఎం దగ్గర పెట్టి ఒక్కో మాగ్నెటోని ఆపి చూస్తారు. ఆర్‌పీఎం కాస్త పడాలి, కానీ వాడి ఇంజను లెక్కలో 175కి మించి పడకూడదు, రెండింటికీ తేడా 50 దాటకూడదు. అక్కడ శనివారం పొద్దున ఎనిమిదైతే మాకు సాయంత్రం ఆరున్నర. వీడియో కాల్‌లో నేను మిద్దె మీద కూర్చుని ఈ పరీక్షంతా చూశాను. ఎడమది 80 పడింది. కుడిది 90. ఫస్ట్ క్లాసు! కింద ఉన్నప్పుడు అన్ని పరీక్షలూ పాసవుతావు, పైకెక్కాక తుమ్ముతావు.

అప్పుడు మొదలైంది సలహాల జాతర. ఆ పెట్రోల్లో సీసం ఉంటుంది, అది పూసలు పూసలుగా కింది ప్లగ్గుల్లో పేరుకుని నిప్పురవ్వని మింగేస్తుంది అన్నారు అక్కడి వాళ్లు. మాట నిజమే, తీసి చూస్తే రెండింట్లో ఆవగింజలంత పూసలు ఉన్నాయి కూడా. వాడు శుభ్రం చేసి ఊరుకోకుండా ఎనిమిదీ కొత్తవి వేశాడు. వాటి ఖర్చు వింటే మా ఆటోనగర్ వాళ్లు కుర్చీలోంచి లేచి నిలబడతారు. నువ్వు ఒక్క ఎగురు ఊరుకుని, రెండో ఎగురుకి పలకరించావు.

తర్వాత వాల్వు. పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు ఆడే గైడులో మసి పట్టి, చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని, స్టార్టు చేసిన కొత్తలో దడదడలాడి, వేడెక్కాక సర్దుకుంటే దాన్ని వాళ్లు మార్నింగ్ సిక్‌నెస్ అంటారంట. పట్టించుకోకుండా వదిలేస్తే ఒకరోజు పూర్తిగా బిగుసుకుపోయి లోపల కడ్డీ వంగిపోతుంది. వాడు ఫోన్లో "మార్నింగ్ సిక్‌నెస్ ఏమోనని డౌటు మామా" అనడం, పక్కన కందిపప్పు ఏరుకుంటున్న మా అక్క చెవిన పడడం, చేట పక్కన పెట్టి "నాకు ముందు చెప్పలేదేరా, కోడలికి ఎన్నో నెల?" అని లేవడం, అప్పటికే కావలిలో ఇద్దరికి ఫోన్ చేసేయడం, ఇదంతా నీ పుణ్యమే. ఆ రెండు ఫోన్లూ వెనక్కి తీసుకోవడానికి మాకు వారం పట్టింది.

ఆ తర్వాత మంచు. ఇది నేను నమ్మలేదు. కార్బొరేటర్లో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు లోపల గాలి ఎంత చల్లబడుతుందంటే, బయట 25 డిగ్రీలు ఉన్నా గాలిలో తేమ ఉంటే దాని గొంతులో మంచు కడుతుందంట. మైపాడు బీచిలో ఒళ్లంతా జిడ్డు కారే గాలి తెలిసినోడిని, నాకు తేమ సంగతి చెప్పక్కర్లేదు గానీ, మంచా? తీరా చదివితే నిజమే. అందుకే ఇంజను వేడిగాలి లోపలికి మళ్లించే ఒక పిడి పెడతారు. నేరం చేయడంలో ఇంత గొప్ప ఏర్పాటు ఇంకొకటి లేదు నాయనా. నువ్వు పైన మంచుగా ఉంటావు, కిందికి దిగి మూత విప్పేసరికి సాక్ష్యం నీళ్లైపోయి ఉంటుంది. వాడు ఎక్కేటప్పుడు ఆ పిడి లాగి చూశాడు. అయినా తుమ్మావు.

నా వంతు కూడా చెప్పాలి, దాచుకుంటే ఏం లాభం. "అల్లుడూ, కండెన్సరే, రాసిపెట్టుకో" అన్నాను, ముప్పై ఏళ్ల అనుభవం గొంతులో పెట్టుకుని. మాగ్నెటోలో కూడా పాయింట్లూ కండెన్సరూ ఉంటాయని తెలిసిన రోజు నుంచి నాకు కాళ్లు నేల మీద లేవు. వాడు పాపం నా మాట మీద రెండు మాగ్నెటోలూ విప్పి పంపించాడు. వాళ్లు చూసి, బాగున్నాయని రాసి, బిల్లు వేసి తిప్పి పంపారు. మా అక్క పొదలకూరు నిమ్మకాయ కట్టమంది. దానికైతే పది రూపాయలు కూడా కాదు, ఫలితం మాత్రం నా కండెన్సరుతో సమానం.

ఈలోగా ఇంట్లో వాళ్లందరిదీ ఒకటే మాట, కింద బాగుంటే ఇంకా భయమేందని. వాడు మాత్రం "కారణం తెలిసిందాకా ఎగరను" అన్నాడు. అప్పుడు నాకు 2019 జూలై 15 గుర్తొచ్చింది. చంద్రయాన్-2 చూడాలని అర్ధరాత్రి బళ్లేసుకుని సూళ్లూరుపేట వైపు పోతే, ఇంకో 56 నిమిషాలు ఉందనగా శ్రీహరికోట షార్ వాళ్లు ఆపేశారు. నిద్ర పాడైందని తిట్టుకుంటా తిరిగొచ్చినోళ్లలో నేనూ ఉన్నాను. వారం తిరిగేసరికి వెతికి, సరిచేసి, 22న వదిలారు. నేనేమో బ్రిడ్జి మీద నువ్వు తుమ్ముతా ఉండగానే ముప్పై ఏళ్లుగా కోవూరు పోయి వస్తున్నాను.

నిన్ను పట్టుకుంది నేనూ కాదు, వాడూ కాదు, వాడి భార్య. ఆ పిల్లకి విమానమంటే పెద్ద ఇష్టం కూడా లేదు. ఇంజను లెక్కలు ప్రతి సెకనూ రాసుకునే మీటరు ఒకటి ఉంది ఆ విమానంలో, మావాడు అది కొని బిగించి, ఒక్కసారి తెరిచి చూసిన పాపాన పోలేదు. ఆదివారం వాడు వంగి ఏదో విప్పుతా ఉంటే ఆ పిల్ల ల్యాప్‌టాప్‌లో ఒక్కో సిలిండరు ఎగ్జాస్ట్ వేడి చూపించే గీతలు చూసి అడిగిందంట: "నాలుగు గీతలూ ఒకే సెకనులో పైకి లేచాయి. నాలుగు ప్లగ్గులూ కూడబలుక్కుని చెడతాయా?"

అదీ మాట. సిలిండరులో రెండు ప్లగ్గుల్లో ఒకటి పనిచేయకపోతే మంట ఒక పక్క నుంచే అంటుకుని ఆలస్యంగా కాలుతుంది, వేడి ఎగ్జాస్ట్‌లోకి పోతుంది, ఆ గీత పైకి లేస్తుంది. ఒక ప్లగ్గు పోతే ఒక గీత లేవాలి. నాలుగూ కలిసి లేచాయంటే ప్లగ్గుల తప్పు కాదు, ఒక మాగ్నెటో మొత్తం మూడు నాలుగు సెకన్లు నోరు మూసుకుంది. మాగ్నెటో బాగుందని కాగితం ఉంది. మిగిలింది దాని నోరు మూసే వైరు. మాగ్నెటో నుంచి తాళం స్విచ్చికి ఒక వైరు పోతుంది, అది బాడీకి తగిలితే నిప్పురవ్వ ఆగుతుంది. పాత స్కూటర్లలో కిల్ స్విచ్చి పని ఇదే.

ఆ రాత్రి ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూపించాడు. వైరు చుట్టూ జల్లెడలాంటి రాగి అల్లిక, దాన్ని వెనక్కి మడిచి చివర లగ్గు, అంటే వైరు కొసన కొట్టే లోహపు చెవి, బిగించిన చోట, ఒకే ఒక్క పోగు, తలవెంట్రుకంత, మడతలో కలవకుండా ముందుకి నిక్కి ఉంది. వేలితో తడితే ఊగుతుంది. ఎక్కేటప్పటి అదురుకి ఊగి నడిమి తీగకి తగులుతుంది, కింద తగలదు. మాగ్నెటోలు విప్పినప్పుడు పక్కకి తీసి, మళ్లీ అదే చోట అట్టాగే బిగించాడు. నువ్వు అక్కడే కూర్చుని అంతా చూస్తా ఉన్నావన్నమాట.

"ఈ లగ్గు ఎవరు కొట్టారురా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "నేనే మామా. నాలుగేళ్ల కింద, రాత్రి రెండింటికి." 51 శాతంలోదే అది కూడా.

కత్తిరించి, కొత్త లగ్గు కొట్టి, కింద మళ్లీ అన్ని పరీక్షలూ చేసి, ఫీల్డు మీదే తిరిగాడు. ఇప్పటికి పదకొండు గంటలు ఎగిరాడు, చప్పుడు లేదు. పాత ప్లగ్గులు ఎనిమిదీ డబ్బాలో ఉన్నాయి, వాటిలో ఆరింటికి ఏ రోగమూ లేదు. నా కండెన్సరు గురించి వాడు ఇంతవరకు ఎత్తలేదు. పెద్దరికం కాపాడుతున్నాడు.

ఇట్లు,
వేదాయపాళెం బుల్లెట్టు ఓనరు

తా.క.: నిన్న సాయంత్రం 5.40కి పెన్న బ్రిడ్జి మీద, మూడో గేరులో, బండి వేడి మీద ఉండగా ఒకసారి తుమ్మావు. ప్లగ్గు ముట్టుకోలేదు. నోటుబుక్కులో రాసుకున్నాను.