సవరణ: పెళ్లికి ముందు ఒప్పందంపై నేను రాసింది తప్పు

పెళ్లికి ముందు ఆస్తుల ఒప్పందాన్ని స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే కోర్టులో చెల్లుతుందని మొన్న రాశాను. అది తప్పు. గోవా పద్ధతిని అందరికీ వర్తింపజేశాను. 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ఇంకా అమల్లో ఉండబట్టి అక్కడ అలాంటి దస్తావేజుకు విలువ ఉంది. మన దగ్గర హిందూ వివాహాలకు అలాంటి ఏర్పాటు లేదు. విడాకులైతే భరణం అడగనని అమ్మాయి సంతకం పెట్టినా, 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద ఆ షరతును కోర్టు పక్కన పెట్టేయగలదు. నా మాట నమ్మి ఒక చెల్లెలు కాగితాలు టైపు కూడా చేయించుకుంది. మన్నించమ్మా.

నేను అసలు చెప్పాల్సింది కానుకల జాబితా గురించి. 1985 నాటి వరకట్న నిషేధ నియమాల ప్రకారం పెళ్లి సమయంలో గానీ, ఆ వెంటనే గానీ దీన్ని రాయాలి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం ఉండాలి.  కింద వధూవరులిద్దరి సంతకాలు తప్పనిసరి. అమ్మాయికి వచ్చిన కానుకల జాబితా అమ్మాయి దగ్గరే ఉండాలి. నగల బిల్లులు కూడా దానికే పిన్ను చేసి పెట్టుకోండి.