బ్యాడిగి ముడతలు, మేనేజ్‌మెంటు మెట్లు

మేనేజరుకు మూడు నైపుణ్యాలు ఉండాలని రాబర్ట్ కాట్జ్ అనే పెద్దమనిషి 1955లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడు. ఒకటి పని తెలియడం, రెండు మనుషుల్ని సంభాళించడం, మూడు మొత్తం వ్యవహారం ఒక్కచూపులో పట్టుకోవడం. కింది మెట్టు మీద మొదటిది ముఖ్యం. పైకెక్కే కొద్దీ దాని అవసరం తగ్గి మూడోది పెరుగుతుంది. రెండోది మాత్రం అందరికీ కావాలి. గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో ఏళ్ల తరబడి లెక్కలు రాస్తున్నవాడిగా, ఆ సిద్ధాంతానికి కొన్ని సవరణలు సవినయంగా సమర్పించుకుంటున్నాను.

మా యార్డు సూపర్‌వైజరు టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమంటే సరుకు ఆరినట్టు, మోగలేదంటే తేమ ఉన్నట్టు. తేజా, 334 అనే మిర్చి రకాలు చీకట్లో కలిపి పోసినా వేరు చేసిస్తాడు. అందుకే ఆయనకు ప్రమోషన్ రాలేదు. ఇంత పని తెలిసినవాణ్ని పైకి పంపితే కింద ఎవరు చూస్తారండీ?

మధ్య మెట్టు మా మేనేజరుది. ఆయన ఆస్తల్లా ‘చూద్దాం’ అనే ఒకే ఒక్క మాట. హమాలీలు కూలి పెంచమంటే సాగదీసి ‘చూద్దాంలే’. అంటే ఈ సీజన్‌కు లేనట్టే. బాకీ కోసం వచ్చిన కమిషన్ ఏజెంటుకు టీ తెప్పించి మరీ ‘చూద్దామండీ’. అంటే సోమవారం రమ్మని. ఏ సోమవారమో అడగడం మర్యాద కాదు. హెడ్డాఫీసుకైతే నిలబడి ‘చూస్తాను సార్’. నిజంగా చూసేది ఆ ఒక్కటే.

ఇక మూడో నైపుణ్యం. మొన్న మార్చిలో, యార్డు కిటకిటలాడుతున్న రోజు, హైదరాబాదు నుంచి డైరెక్టరుగారు విజన్‌తో సహా దిగారు. కారు తలుపు తీయగానే ఘాటుకి పదకొండు తుమ్ములు తుమ్మారు. లెక్కల మనిషిని, లెక్కపెట్టాను. మాస్కు మీద మాస్కు పెట్టుకుని బ్యాడిగి రకం మిర్చి టిక్కీ దగ్గర ఆగి ఓ కాయ తీశారు.

“ఇదేంటి, ఇన్ని ముడతలు? పాత సరుకా? రిజెక్ట్ చేయండి.”

బ్యాడిగికి ముడతలే అందం. కారం తక్కువ, రంగు ఎక్కువ. ఆ రంగు కోసమే కొంటారు. సూపర్‌వైజరు నోరు తెరిచాడు. మేనేజరు ఆయన కాలు తొక్కాడు. మనుషుల్ని సంభాళించడమంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

“చూస్తాను సార్,” అన్నాడు మేనేజరు.

సాయంత్రానికి అవే టిక్కీలు అదే లారీ ఎక్కాయి. కాగితం మీద ‘తిరిగి తనిఖీ చేయబడినది’ అని రాసి నా బల్ల మీద పెట్టారు.

“ఎవరు చేశారు సార్ తనిఖీ?” అడిగాడు సూపర్‌వైజరు, కాలు రుద్దుకుంటూ.

“నువ్వే బాబాయ్. ఇక్కడ సంతకం పెట్టు.”