పెళ్లి వీడియో పెడితే పలకని కన్సోల్

డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5, అంటే సోనీ గేమింగ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5, 4కె బ్లూరే డిస్క్‌ల సినిమాలు చూపిస్తుంది. నెట్‌ఫ్లిక్స్ చూపిస్తుంది. మనం ఆడిన ఆటను తానే వీడియోగా రికార్డు చేసి, అడిగినప్పుడు మళ్లీ చూపిస్తుంది. కానీ చెల్లెలి పెళ్లి వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ పెడితే, దాన్ని ప్లే చేసే ఏర్పాటు సోనీ ఇవ్వలేదు. పెన్‌డ్రైవ్‌లో పాటలుంటే వినొచ్చు, వీడియోలు మాత్రం చూడలేం. 2006లో వచ్చిన పీఎస్3 చేసిన పనిని 2020లో వచ్చిన పీఎస్5 చెయ్యదు. చేతకాక కాదు, చెయ్యనివ్వకూడదని ఒకరు తీసుకున్న నిర్ణయం వల్ల. ఆ నిర్ణయం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పీఎస్3లోనూ ఇబ్బందులు లేకపోలేదు. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌నే అది చదివేది. ఆ పద్ధతిలో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా ఉన్న పెళ్లి వీడియో అందులో పట్టేది కాదు, ముక్కలు చేసుకోవాల్సి వచ్చేది. ఎంకేవీ అనే రకం వీడియో ఫైళ్లను అసలు తీసుకునేది కాదు. అయినా ఆ కాలంలో పరిస్థితి రోజురోజుకీ మెరుగుపడింది. 2007 డిసెంబరులో పీఎస్3కి డివ్‌ఎక్స్ అనే వీడియో ఫార్మాట్ సపోర్ట్ వచ్చింది. అదే నెలలో మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360కీ వచ్చింది. పక్క గదిలోని కంప్యూటర్‌లో ఉన్న వీడియోను నెట్‌వర్క్ మీద టీవీలో చూసే సౌకర్యమూ రెండింటిలో ఉండేది. ఇద్దరు పోటీదారులు ఒకరిని మించి ఒకరు ఇవ్వాలని చూశారు, లాభం మనకు దక్కింది.

2013 నవంబరులో పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వచ్చేసరికి రెండింటిలోనూ సొంత వీడియోలు ప్లే చేసే సౌకర్యం లేదు. కొన్నవాళ్లు ఊరుకోలేదు, అడిగారు. 2014లో మైక్రోసాఫ్ట్ మీడియా ప్లేయర్ యాప్ ఇచ్చింది, 2015 జూన్‌లో సోనీ ఇచ్చింది. పీఎస్4 ప్లేయర్ ఎంకేవీని తీసుకుంది, పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి డ్రైవ్‌ను చదివింది కాబట్టి 4 జీబీ తలనొప్పి కూడా తీరింది. పీఎస్5తో సోనీ మళ్లీ మొదటికొచ్చింది.

ఖర్చు వల్ల అనుకుందామా? వీడియో ఫార్మాట్లకు పేటెంట్ రుసుములు ఉన్న మాట నిజమే. కానీ బాగా వాడుకలో ఉన్న హెచ్.264 ఫార్మాట్ పేటెంట్ల ఉమ్మడి లైసెన్సులో రుసుము ఒక్కో యూనిట్‌కు గరిష్ఠంగా 20 సెంట్లు. పైగా సినిమాలు, స్ట్రీమింగ్ యాప్‌ల కోసం ఆ ఫార్మాట్లను విప్పే సామర్థ్యం కన్సోల్‌లో ముందే ఉంది. 4కె బ్లూరే నడిచేదే హెచ్‌ఈవీసీ అనే వీడియో ఫార్మాట్ మీద. 2017 నుంచి ఐఫోన్ తీసే వీడియోలూ ఆ రకంవే. అంటే మన ఫోన్ వీడియోను చూపడానికి కావలసిన సరంజామా అంతా లోపల సిద్ధంగా ఉంది, మన ఫైల్‌కు మాత్రం తలుపు తెరవలేదు.

పైరసీ భయం అనే మాట కూడా వినిపిస్తుంది. ఇక్కడ సోనీ చరిత్ర గుర్తు చేసుకోవాలి. 1976లో యూనివర్సల్, డిస్నీ సంస్థలు సోనీ మీద కోర్టుకెళ్లాయి. సోనీ బీటామ్యాక్స్ యంత్రంతో జనం టీవీ కార్యక్రమాలను ఇంట్లో రికార్డు చేసుకుంటున్నారన్నది ఫిర్యాదు. 1984 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో సోనీ పక్షాన తీర్పిచ్చింది. తర్వాత తీరిగ్గా చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదంది. ఇంట్లో మనిషి తన యంత్రంతో ఏం చూసుకోవాలన్నది అతని ఇష్టమని అంత పెద్ద కోర్టులో పోరాడి గెలిచిన కంపెనీ అది. 1989లో కొలంబియా పిక్చర్స్‌ను కొన్నాక సోనీ సినిమాల యజమాని కూడా అయింది. 2009లో ఒక అప్‌డేట్‌తో పీఎస్3లో సినావియా అనే నిఘా చేరింది. సినిమా శబ్దంలో చెవికి అందని గుర్తును పట్టుకుని, అనుమతి లేని కాపీ అనిపిస్తే మధ్యలో మాట ఆపేసేది. దాని మంచిచెడ్డలు ఎలా ఉన్నా, అది అనుమానం వచ్చిన ఫైల్‌నే ఆపింది. పీఎస్5 అన్ని ఫైళ్లనూ ఆపేసింది. పాపాయి మొదటి అడుగులకూ, తాతయ్య షష్టిపూర్తికీ పైరసీతో ఏం సంబంధం?

కొనుక్కున్న సినిమాలైనా మనవేనా అంటే అదీ లేదు. 2021 ఆగస్టు 31తో ప్లేస్టేషన్ స్టోర్‌లో సినిమాల అమ్మకం, అద్దె ఆగిపోయాయి. ఏడాది తర్వాత జర్మనీ, ఆస్ట్రియాలలో స్టూడియోకెనాల్ సినిమాలు కొన్నవాళ్ల లైబ్రరీల నుంచి అవి తొలగిపోతాయని నోటీసు వచ్చింది. లైసెన్సు ఒప్పందాలు మారితే, డబ్బు కట్టినవాడి చేతిలో ఏమీ మిగలదు. ఇలాంటి కాలంలో మన హార్డ్ డిస్క్‌లో ఉన్న ఫైల్ ఒక్కటే నిజంగా మన సొంతం. దానికే కన్సోల్‌లో చోటు లేకపోవడం నన్ను బాధపెడుతుంది.

ఎక్స్‌బాక్స్ వైపు కథ ఆశాజనకంగా ఉంది. 64 ఎంబీ మెమొరీ మాత్రమే ఉన్న తొలి ఎక్స్‌బాక్స్‌ను కొందరు ఔత్సాహికులు మైక్రోసాఫ్ట్ అనుమతి లేకుండానే తాళం విప్పి, ఎక్స్‌బీఎంసీ అనే ప్లేయర్ రాసి నడిపించారు. అప్పట్లో దొరికే వీడియో ఫైళ్లలో అది చూపలేనివి తక్కువే. ఆ ప్రోగ్రామే 2014లో కోడి అని పేరు మార్చుకుంది. 2017 చివర్లో మైక్రోసాఫ్ట్ సొంత స్టోర్ ద్వారానే ఎక్స్‌బాక్స్ వన్‌లోకి వచ్చింది. వీఎల్‌సీ అనే మరో వీడియో ప్లేయర్ అంతకుముందే వచ్చింది. తలుపు కాస్త తెరిస్తే చాలు, మిగతా పని చెయ్యడానికి బయట మనుషులున్నారు.

టీవీకే పెన్‌డ్రైవ్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. కానీ కొన్ని టీవీల్లో బొమ్మ వస్తే మాట రాదు, డీటీఎస్ అనే ఫార్మాట్‌లో ఉన్న శబ్దమైతే మరీను. కొన్నేళ్లు పోతే టీవీకి అప్‌డేట్లూ ఆగిపోతాయి. ప్రొజెక్టర్ వాడే ఇంట్లో ఆ దారీ ఉండకపోవచ్చు. కంప్యూటర్‌లోని వీడియోలను నెట్‌వర్క్ మీద చూపే ప్లెక్స్ లాంటి యాప్ పీఎస్5లో ఉంది కానీ, దానికి ఇంట్లో ఒక కంప్యూటర్ నడుస్తూ ఉండాలి, అకౌంట్ తెరవాలి. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన అమ్మానాన్నలు చిన్నోడి పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో తెచ్చి అల్లుడి చేతిలో పెడితే, అతను ముందు సర్వర్ సెటప్ చెయ్యాలా?

సోనీ చెయ్యాల్సిన పని పెద్దది కాదు. పీఎస్4 కోసం రాసిన ప్లేయర్‌ను పీఎస్5కి తెచ్చి, హెచ్‌ఈవీసీ సపోర్ట్ చేర్చి, ఉచితంగా ఇస్తే చాలు. అది రానంతవరకూ, ఇంట్లో పాత పీఎస్4 ఉన్నవాళ్లు దాన్ని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చెయ్యకండి. కొత్త కన్సోల్ కొనబోయేవాళ్లు గేమ్‌ల లిస్టుతో పాటు ఈ ప్రశ్న కూడా షాపులో అడగండి, కంపెనీకీ రాయండి. 2013 తర్వాత ప్లేయర్లు తిరిగొచ్చింది అలా అడిగినవాళ్లు ఉన్నందుకే.